పాత ఇంటి నేల – యజమాని అనుమతి

సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై శాంతి, శుభాలు వర్షించుగాక!

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలలో తాతల నాటి మిద్దెలు అనేకం ఉన్నాయి. యజమానులు బ్రతుకుతెరువు కోసం వలస వెళ్ళగా కొన్నింటికి తాళాలు పడ్డాయి. ఇటీవల ఒక యువకుడు నన్ను ఇలా అడిగాడు: “హజ్రత్! ఇంటివారు హైదరాబాదులో ఉన్నారు. ఇల్లు పాడుబడింది. పెరట్లో మెటల్ డిటెక్టర్ పెట్టి చూస్తే తప్పేమిటి?”

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి పొంది, సలాం చేసిన తర్వాతనే ప్రవేశించాలనీ, లోపల ఎవరూ లేకపోయినా అనుమతి లేనిదే ప్రవేశించరాదనీ, తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవాలనీ నూర్ సూరా 27, 28 ఆయతులు ఆదేశిస్తున్నాయి. తాళం పడిన ఇల్లు యజమాని లేని ఇల్లు కాదు. ఇంటివారు ఏ మతస్థులైనా వారి హక్కు హక్కే. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే మరలిపోవాలని దైవప్రవక్త (స) బోధించారు. గడప దాటడానికే ఇంత మర్యాద ఉంటే, నేల తవ్వడానికి ఎంత ఉండాలి?

ఎవరిని అడగాలి? అద్దెకున్నవారికి నివసించే హక్కే గాని తవ్వించే హక్కు లేదు. ఆస్తి పంపకం కాకపోతే వారసులందరి సమ్మతి కావాలి. ఆడబిడ్డల వాటాను విస్మరించి అన్నదమ్ములను మాత్రమే అడగడం అన్యాయం. వారసులలో అనాథ పిల్లలుంటే మరింత భయపడాలి. కహఫ్ సూరాలో కూలబోతున్న గోడ వృత్తాంతం జ్ఞాపకం చేసుకోండి. దాని క్రింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉంది. ఖిజర్ (అలైహిస్సలాం) గోడను నిలబెట్టారే గాని నిధిని ముట్టలేదు.

ఏమని అడగాలి? ఎక్కడ, ఎంత లోతు తవ్వుతారో, ఎవరు పూడుస్తారో, ఏదైనా దొరికితే ఏమి చేస్తారో ముందే చెప్పి, కాగితంపై వ్రాసుకోవాలి. “ఊరికే చూసిపోతాం” అని లోపలికి వెళ్ళి గునపం దించడం మోసం. ఆ యంత్రం తుప్పుపట్టిన మేకుకూ మ్రోగుతుంది. రాయి, మట్టితో కట్టిన గోడ ప్రక్కన గొయ్యి తీస్తే మిద్దెకే ప్రమాదం. ఒంటరి వృద్ధురాలికి ఆశపెట్టి, ఒత్తిడి చేసి పొందిన “సరే” మనస్ఫూర్తి అనుమతి కాదు.

నిధిలో ఐదవ వంతు విధి అన్న హదీసును కొందరు ఆధారంగా చూపుతారు. ఆ హదీసు నిధిపై చెల్లించవలసిన హక్కును తెలుపుతుంది. పరుల స్థలంలో చొరబడే అనుమతినివ్వదు. దేశ చట్టమూ ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెట్టినవారికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. యజమాని సమ్మతి ఈ బాధ్యతను తొలగించదు.

ఇక ఆశ సంగతి. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే గుప్తనిధి కోసం తవ్వకాలు సాగాయి. నిధి దొరకలేదు, ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఒక వృత్తాంతం ఉంది. పూర్వం ఒకరు కొన్న భూమిలో బంగారు కుండ దొరికింది. తాను కొన్నది భూమినే గాని బంగారాన్ని కాదని ఆయన దానిని అమ్మినవారికి తిరిగి ఇవ్వబోయారు. భూమితోపాటు అందులోనిదీ అమ్మానని ఆయన స్వీకరించలేదు. చివరకు న్యాయనిర్ణేత ఒకరి కుమారునికి మరొకరి కుమార్తెతో వివాహం జరిపించి, ఆ బంగారాన్ని వారిపై ఖర్చు చేసి, దానధర్మాలు చేయమన్నారు. తనది కాదేమోనన్న భయమే ఆ ఇద్దరినీ చుట్టాలను చేసింది.

ఆ యువకునికి నేను చెప్పింది ఇదే: “బాబూ, ముందు ఇంటివారికి ఫోను చెయ్యి. ఉన్నది ఉన్నట్లు చెప్పు. వద్దంటే సలాం చెప్పి ఊరుకో.” అలా మరలిపోవడమే మనకు పరిశుద్ధమైన మార్గమని ఖుర్ఆన్ తెలిపింది.

పరుల హక్కు మన చేతికి అంటకుండా అల్లాహ్ మనలను కాపాడుగాక! ఆమీన్.