జారే పిడికి చుక్కల పట్టు

చేతికి చెమట పట్టిందంటే కొడవలి పిడైనా, గొడ్డలి కామైనా జారక మానదు. బొమ్మ పిస్తోలు సంగతీ అంతే.

పౌరులు తుపాకులు ఉంచుకోకుండా 1958లోనే గట్టి చట్టం చేసిన జపాన్‌లో, 1970 దశకంలో ‘ఎయిర్‌సాఫ్ట్’ ఆట తుపాకులు పుట్టాయి. ఇవి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లను విసురుతాయి. గుళ్ల శక్తి ఒక జౌలుకు లోపే ఉండాలని 2006లో అక్కడ చట్టం సవరించారు.

నున్నటి పిడికి పట్టు తెప్పించడానికి ఆటగాళ్లు వాడే పనిముట్టు మన రేడియో మెకానిక్‌లకు తెలిసిందే. అది సాల్డరింగ్ ఐరన్!

ఏబీఎస్ ప్లాస్టిక్ సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మెత్తబడుతుంది. ఐరన్ మొన వేడి 300 డిగ్రీలు దాటవచ్చు. అందుకే తాకీ తాకనట్టు తాకించాలి. ముందుగా గుళ్లు, మేగజీన్ తీసేయాలి. పిడిమీద పెన్సిలుతో హద్దులు గీయాలి. పనికిరాని ముక్కమీద చెయ్యి తిప్పుకున్నాకే, చుక్క పక్కన చుక్క పెడుతూ పోవాలి.

ఆత్రపడితే పని చెడుతుంది. పిడి లోపల బోలు. మేగజీన్ కూర్చునేది అక్కడే. గట్టిగా నొక్కితే చిల్లు పడుతుంది, లేదా లోపల ఉబ్బి మేగజీన్ ఇరుక్కుంటుంది. ఒకసారి పడిన చుక్క మళ్లీ చెరగదు.

కరిగే ప్లాస్టిక్ పొగలో స్టైరీన్ వంటి హానికర వాయువులు ఉంటాయి. గాలి ధారాళంగా ఆడేచోటే ఈ పని చేయాలి. పిల్లలకు అప్పగించరాదు.

అన్నిటికన్నా ముఖ్యం మరొకటి ఉంది. దూరాన నిలబడి చూసేవారికి బొమ్మేదో, అసలేదో తెలియదు. ఆట స్థలం దాటాక దాన్ని సంచిలోంచి బయటికి తీయకపోవడమే క్షేమం.