ఆస్ట్రసిజం
పార్టీ ఓ నాయకుణ్ని దూరం పెట్టినా, ఊరు ఓ కుటుంబాన్ని వెలేసినా ఇంగ్లిష్ పత్రికల్లో కనిపించే మాట ఇది. మూలం గ్రీకు ‘ఓస్ట్రకాన్’, అంటే కుండపెంకు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో, మరీ బలపడిపోతున్నాడనిపించిన నాయకుడి పేరును పౌరులు పెంకు మీద గీకి ఓటేసేవారు. ఎక్కువ పెంకులు పడినవాడు పదేళ్లు ఊరు విడవాలి. విచారణ లేదు, నేరారోపణ లేదు; ఆస్తి జోలికి మాత్రం పోరు. సలామిస్ యుద్ధంలో పర్షియన్లను ఓడించిన ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్‌కూ ఇదే గతి పట్టింది. 1937లో ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ కొండ ఉత్తరపు వాలులోని ఓ బావిలో ఆయన పేరున్న పెంకులు 190 దాకా దొరికాయి. చేతిరాతలు మాత్రం 14 మందివే! ముందే రాయించి, జనానికి పంచడానికి పెట్టుకున్న సరుకని పండితుల అనుమానం. స్లిప్పులు పంచే విద్య అప్పటికే ఉందన్నమాట. చివరికి హైపర్బొలస్ అనే నాయకుణ్ని ఇలా సాగనంపాక ఏథెన్స్ మళ్లీ పెంకులు పట్టలేదు.