ఎడ్యుకేషన్, సోషియాలజీ కలిపి చదివితే ఏమొస్తుంది? టీచర్ జాబ్‌కి పనికొస్తుందా.. ఫీజు కట్టే ముందు ఇది తెలుసుకోండి

టీచర్ కావాలంటే బీఈడీ.. సివిల్స్‌లో ఆప్షనల్ కావాలంటే సోషియాలజీ. మన డిగ్రీ పిల్లల్లో చాలామందికి ఈ రెండు సబ్జెక్టుల గురించి తెలిసింది ఇంతే. అయితే విదేశీ యూనివర్సిటీల వెబ్‌సైట్లు తిరగేసేవాళ్లకు ఈ రెండూ ఒకే కోర్సులో కనిపిస్తున్నాయి. బ్రిటన్‌లో ఎడ్యుకేషన్, సోషియాలజీ కలిపి ఇచ్చే డిగ్రీలు ఉన్నాయి. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి చెందిన టీచర్స్ కాలేజీ అయితే ఇదే పేరుతో ప్రత్యేక ప్రోగ్రామ్ నడుపుతోంది. అసలు ఈ రెండింటికీ సంబంధం ఏంటి? చదివితే ఏ పని దొరుకుతుంది? ఈ డిగ్రీతో నేరుగా టీచర్ అయిపోవచ్చా?

చివరి ప్రశ్నకు సమాధానం ముందే చెప్పేద్దాం. అవ్వలేరు. ఎందుకో తర్వాత చూద్దాం.

ఈ జోడీ కొత్తదేం కాదు

సోషియాలజీకి యూనివర్సిటీలో కుర్చీ వేయించినవాళ్లలో ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ డర్కైమ్ ముందు వరుసలో ఉంటారు. 1887లో బోర్డో యూనివర్సిటీ ఆయన్ను తీసుకున్నది సోషల్ సైన్స్‌తో పాటు బోధనాశాస్త్రం చెప్పడానికి. 1902లో పారిస్‌లోని సోర్బాన్‌కు వెళ్లాక కూడా ఆయన బాధ్యత ఎడ్యుకేషనే. 1913లో గానీ ఆ పదవి పేరులో సోషియాలజీ అనే మాట చేరలేదు. అంటే అక్కడ సోషియాలజీ క్లాస్‌రూమ్‌లోకి వచ్చింది ఎడ్యుకేషన్ చెయ్యి పట్టుకునే అన్నమాట.

ఒకే పిల్లాడు.. రెండు ప్రశ్నలు

ఐదో తరగతి పిల్లాడు రెండో తరగతి పాఠం కూడా చదవలేకపోతున్నాడు అనుకుందాం. ఇది ఊరికే చెబుతున్న ఉదాహరణ కాదు. దేశవ్యాప్తంగా పల్లెల్లో చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం, ప్రభుత్వ స్కూళ్ల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతమే.

ఇక్కడ ఎడ్యుకేషన్ చదివిన టీచర్ అడిగే ప్రశ్న: వీడికి అక్షరాలు రావా, గుణింతాల దగ్గర ఆగాడా, ఏ పద్ధతిలో చెబితే అందుకుంటాడు? సోషియాలజీ చదివిన మనిషి ఇంకోటి అడుగుతారు: పంట కోతల సీజన్‌లో వీడు ఎక్కడున్నాడు?

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్తాయి. ఇంట్లో చూసుకునే పెద్దవాళ్లు లేకపోతే పిల్లలూ వెంట వెళ్లాల్సిందే. తిరిగొచ్చేసరికి క్లాసు చాలా పాఠాలు దాటేసి ఉంటుంది. హాజరు పట్టీలో పడేది ఆబ్సెంట్ అనే ఒక్క గుర్తు. దాని వెనక వాన పడని చేను ఉందా, అప్పు ఉందా, చంటి తమ్ముణ్ని చూసుకోవాల్సిన అక్క ఉందా.. పట్టీ చెప్పదు.

బీఈడీలో ఇవి అస్సలు చెప్పరా అంటే, చెబుతారు. సమాజం, విద్య మీద ఒక పేపర్ ఉంటుంది. కానీ చాలామంది దాన్ని గైడ్ చూసి పాసైపోతారు. అలాగని సోషియాలజీ ఒక్కటే చదివితే సరిపోతుందా అంటే, అందులో ఇంకో ఇబ్బంది. తప్పంతా వ్యవస్థదే అని చేతులెత్తేసే అలవాటు వస్తుంది. వలస కారణాల మీద ఎంత గొప్ప ఉపన్యాసం ఇచ్చినా ఆ పిల్లాడికి చదవడం రాదు కదా! రెండూ కలిపి చదవడంలో అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది.

స్కూల్ బాగుంటే చాలా.. ఇల్లూ చూడాలా?

1966లో అమెరికాలో ఈ ప్రశ్న మీద పెద్ద దుమారమే రేగింది. జేమ్స్ కోల్‌మన్ బృందం సుమారు 4 వేల స్కూళ్లలో 6 లక్షల మందికి పైగా విద్యార్థులను పరిశీలించింది. బిల్డింగులు, ల్యాబుల తేడాల కంటే పిల్లల ఇంటి నేపథ్యమే వాళ్ల మార్కులను ఎక్కువగా ప్రభావితం చేస్తోందని తేల్చింది. అంటే స్కూల్ దండగనా? కాదు. బిల్డింగుకు రంగులేసినంత మాత్రాన తేడా తగ్గిపోదని.

ఆ ఇంటి నేపథ్యానికే ఫ్రాన్స్ సోషియాలజిస్ట్ పియరీ బోర్డియూ ఒక పేరు పెట్టారు. అదే సాంస్కృతిక పెట్టుబడి. డబ్బు లాగే మాటతీరు, ఇంట్లో పుస్తకాలు, పెద్దల చదువు కూడా పిల్లలకు వారసత్వంగా వస్తాయని ఆయన వాదన. స్కూల్ వాటిని చూసి తెలివి అనుకుంటుంది.. మార్కులు వేస్తుంది.

మన ఇంగ్లిష్ మీడియం గొడవను ఈ కళ్లద్దాలతో చూడండి. 2019 నవంబర్‌లో ఏపీ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేస్తూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మాతృభాషలో పాఠం బాగా అర్థమవుతుందని ఒక పక్షం, పెద్దోళ్ల పిల్లలకు ఇంగ్లిషు.. మా పిల్లలకు తెలుగా అని ఇంకో పక్షం. మొదటిది ఎడ్యుకేషన్ ప్రశ్న, రెండోది సోషియాలజీ ప్రశ్న. టీవీ డిబేట్లలో ఒకరి ప్రశ్నకు ఇంకొకరు జవాబు చెబుతూ పోయారు, అందుకే తెగలేదు.

మన గడ్డ మీదే ఇలాంటి పెద్ద అధ్యయనం ఉందని చాలామందికి తెలియదు. యంగ్ లైవ్స్ పేరుతో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో 2002 నుంచి ఉమ్మడి ఏపీలో సుమారు 3 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి ఫాలో అయ్యారు. వాళ్లు పెద్దయ్యారు, కొందరికి పెళ్లిళ్లయ్యాయి. ప్రైవేట్ బడికి పంపే విషయంలో కొడుక్కే ముందు అవకాశం దక్కడం అందులో బయటపడిన విషయాల్లో ఒకటి. ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు అంటారా? నిజమే. కానీ అంకెలతో చూపిస్తేనే ప్రభుత్వం ఫైలు కదులుతుంది.

ఇక్కడ ఎక్కడ చదవొచ్చు?

యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఎంఏ సోషియాలజీ ఉంది. బీఈడీ చేసినవాళ్లు తర్వాత ఇందులో చేరడం మన దగ్గర కాస్త సులువైన దారి. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో రెండేళ్ల ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది, సమాజం కోణానికి అక్కడ బాగానే చోటిస్తారు. ఢిల్లీ జేఎన్‌యూలోని జాకిర్ హుస్సేన్ కేంద్రం విద్యా సోషియాలజీ పరిశోధనకు పేరున్న చోటు. ఇంటర్ తర్వాతే మొదలుపెట్టాలంటే నాలుగేళ్ల బీఏ-బీఈడీ ఇంటిగ్రేటెడ్ కోర్సు, దానికి ఎన్‌సీఈటీ రాయాలి. చేరేముందు ఆ కాలేజీలో సోషియాలజీ సబ్జెక్టుగా ఉందో లేదో చూసుకోండి.

ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చని యూజీసీ 2022లో చెప్పింది కదా అంటారేమో. బీఈడీ విషయంలో తొందరపడొద్దు. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు స్కూళ్లలోనే గడపాలి. ఎన్‌సీటీఈ లెక్క ప్రకారం క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. పక్కన ఇంకో రెగ్యులర్ ఎంఏ చదవడం పేపర్ మీద ఈజీ, బస్సెక్కి తిరిగితే తెలుస్తుంది.

టీచర్ జాబ్ సంగతేంటి?

డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బీఈడీ, టెట్ కావాలి. ఎంఏ ఎడ్యుకేషన్ ఎంత పెద్ద యూనివర్సిటీలో చేసినా అది బీఈడీకి బదులు కాదు. బ్రిటన్‌లోనూ ఇంతే. ఎడ్యుకేషన్, సోషియాలజీ డిగ్రీతో మామూలుగా టీచర్ హోదా రాదు, ఆ తర్వాత పీజీసీఈ లాంటి శిక్షణ తీసుకోవాలి. ఇది తెలియక లక్షలు అప్పు చేసి వెళ్తే ఇంకో ఏడాది, ఇంకో ఫీజు మీద పడతాయి.

మరి ఈ చదువు ఎవరికి? స్కూళ్లతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, సర్వేలు, పాఠ్యపుస్తకాల తయారీ, ప్రభుత్వ విద్యా పథకాల రూపకల్పన.. ఇలాంటి చోట్ల పనికొస్తుంది. మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు. లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్ ఉంది, కాకపోతే అందులో ఎడ్యుకేషన్ వేరు, సోషియాలజీ వేరు. మీ పీజీ ఏ సబ్జెక్టులో ఉంటే సాధారణంగా ఆ పేపరే రాయాలి. కాబట్టి సర్టిఫికెట్ మీద ఏ పేరు వస్తుందో అడ్మిషన్ రోజే అడగండి. 'ఇది బీఈడీతో సమానం' అని కన్సల్టెన్సీ వాళ్లు చెబితే అదే మాట కాగితం మీద రాసివ్వమనండి.