లోజేర్ (ఫ్రాన్సు)

లోజేర్ దక్షిణ ఫ్రాన్సులోని ఒక పర్వతప్రాంత జిల్లా. దీని ముఖ్యపట్టణం మాండ్. వైశాల్యం 5,167 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 77 వేలు. ఐరోపా ఖండంలోని ఫ్రాన్సు జిల్లాలన్నింటిలో అతి తక్కువ జనాభా గలది ఇదే. పెద్ద నగరాలు గాని, సముద్రతీరం గాని లేని ఈ జిల్లాకు యాత్రికులు ప్రకృతి కోసం, ప్రశాంతత కోసం వస్తారు.

జనాభా తగ్గుదల

19వ శతాబ్దం మధ్యలో ఇక్కడ సుమారు 1,40,000 మంది నివసించేవారు. దక్షిణాన ఉన్న సేవెన్ కొండలలో పట్టుపురుగుల పెంపకం, చెస్ట్‌నట్ తోటలు ప్రజలకు జీవనాధారంగా ఉండేవి. పట్టుపురుగులకు సోకిన పెబ్రిన్ వ్యాధి ఆ వృత్తిని బాగా దెబ్బతీసింది. ఈ వ్యాధిపై లూయీ పాశ్చర్ 1865 నుండి పొరుగు జిల్లాలోని ఆలెస్ పట్టణంలో పరిశోధనలు చేశాడు. తరువాతి కాలంలో చాలామంది గనులకు, నగరాలకు వలస వెళ్ళారు. నేడు కనిపించే పాడుబడిన రాతి ఇళ్ళు, కొండవాలులలో బీడుపడిన మెట్ల పొలాలు ఆ వలసకు గుర్తులు.

చూడదగిన ప్రదేశాలు

* టార్న్ లోయ: సున్నపురాయి పీఠభూములను నది కోయగా ఏర్పడిన లోతైన లోయ. లా మాలెన్ గ్రామం వద్ద పడవ ప్రయాణం చేయవచ్చు.
* ఆవెన్ ఆర్మాఁ: 1897లో కనుగొన్న భూగర్భ గుహ. ఇందులో సుమారు 30 మీటర్ల ఎత్తైన సున్నపురాతి స్తంభం ఉంది.
* జోంత్ లోయ: ఇక్కడ అంతరించిపోయిన రాబందులను 1981 నుండి తిరిగి ప్రవేశపెట్టారు.
* స్టీవెన్‌సన్ మార్గం: 'ట్రెజర్ ఐలాండ్' రచయిత ఆర్.ఎల్.స్టీవెన్‌సన్ 1878లో ఒక గాడిదను వెంటబెట్టుకొని 12 రోజులు నడిచిన దారి. ఇందులో కొంత భాగం ఈ జిల్లాలో ఉంది. నేటికీ కొందరు గాడిదను అద్దెకు తీసుకొని ఈ దారిన నడుస్తారు.

పరిరక్షణ

1970లో ఏర్పడిన సేవెన్ జాతీయ ఉద్యానవనం కార్యాలయం ఫ్లోరాక్ లో ఉంది. ఉద్యానవనం మధ్యభాగంలో కూడా గ్రామాలు, గొర్రెల మందలు ఉండటం విశేషం. ఈ ప్రాంతపు పశుపోషక సంస్కృతిని 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2018లో ఈ ఉద్యానవనానికి అంతర్జాతీయ చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా గుర్తింపు లభించింది.

ఇక్కడి విశాలమైన పచ్చిక మైదానాలు కేవలం ప్రకృతిసిద్ధమైనవి కావు. శతాబ్దాలుగా మందలు మేయడం వల్లనే అవి అలా నిలిచి ఉన్నాయి. మేత ఆగిన చోట పొదలు, పైన్ చెట్లు కమ్ముకుంటాయి. కనుక కాపరులు వెళ్ళిపోతే, యాత్రికులు చూడవచ్చే దృశ్యమే మారిపోతుంది.

యాత్రికులకు సూచనలు

క్లెర్మాఁ-ఫెరాఁ, నీమ్ నగరాలను కలిపే రైలు మార్గం జిల్లా తూర్పు భాగం గుండా పోతుంది. గ్రామాలకు బస్సులు తక్కువ. మేతభూముల గేట్లను దాటిన వెంటనే మూసివేయాలి. కాపలా కుక్కలున్న మందలకు దూరంగా నడవాలి.