డిజైన్ రిజిస్ట్రేషన్

ప్లాస్టిక్ కుర్చీ వీపు మీది అల్లిక, నూనె సీసా నడుము దగ్గరి నొక్కు... కంటికి కనిపించే ఇలాంటి రూపురేఖలకే ఈ రక్షణ. కుర్చీ బరువు మోసే కిటుకుకు ఇక్కడ చోటు లేదు, అది పేటెంట్ సంగతి. డిజైన్ల చట్టం-2000 కింద కోల్‌కతాలోని పేటెంట్ కార్యాలయంలో నమోదైతే పదేళ్ల హక్కు వస్తుంది. గడువు తీరేలోగా రుసుము కడితే మరో అయిదేళ్లు.

చిక్కంతా కొత్తదనం దగ్గరే. ముచ్చటపడి దరఖాస్తుకు ముందే ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే, డిజైన్ బహిర్గతమైందంటూ ప్రత్యర్థి రిజిస్ట్రేషన్‌నే రద్దు చేయించవచ్చు.

నకలు కొట్టినవారు ఒక్కో ఉల్లంఘనకు కట్టాల్సింది గరిష్ఠంగా 25 వేల రూపాయలు. ఒక డిజైన్‌కు మొత్తం 50 వేలు దాటదు. పెద్ద కంపెనీకి అదో లెక్కా! కాకపోతే దానికి బదులు నష్టపరిహారం, ఇంజంక్షన్ కోరుతూ దావా వేసే దారీ ఉంది.