వేలాడే వంతెనకు గాలి నేర్పిన లెక్క

జపాన్‌లోని క్యూషూ దీవిలో కొకొనోయె అనే చిన్న ఊరుంది. కుజు అగ్నిపర్వతాల చెంతనే ఉండటంతో నేల లోపలి వేడి అక్కడ వేన్నీళ్ల ఊటలై పైకి ఉబుకుతుంది. ఆ వేడితోనే హచ్చోబారు కేంద్రం 110 మెగావాట్ల కరెంటు తీస్తుంది. స్నానాలకు వచ్చినవాళ్లు 2006 అక్టోబరు నుంచి మరొకటి కూడా చూసి వెళ్తున్నారు. నరుకో నది కోసిన లోయకు అడ్డంగా, 173 మీటర్ల ఎత్తున, 390 మీటర్ల పొడవైన వేలాడే వంతెన అది. బాట వెడల్పు మీటరున్నరే. నడిమధ్యన ఇనుప జాలీ, దాని సందుల్లోంచి కింద అడవి కనిపిస్తుంది. ఎదురుగా షిందో జలపాతాలు.

ఎక్కగానే ఎవరికైనా పుట్టే భయం బరువు గురించే. ఆ భయం అక్కర్లేదు. ఒకేసారి 1,800 మంది పెద్దవాళ్లను మోసేలా దాన్ని కట్టారు. తడిబట్టలు ఆరేసిన దండెం ఎలా వంగుతుందో ఈ ఉక్కు మోకులూ అలాగే వంగి, బరువంతటినీ లాగుడుగా మార్చి రెండు గట్లకూ చేరవేస్తాయి. లాగుడును ఉక్కు బాగా తట్టుకుంటుంది. నడుమ ఒక్క స్తంభం లేకుండా లోయ దాటగలిగేది అందుకే.

బరువు లెక్క మనిషికి త్వరగానే పట్టుబడింది. ఇనుప గొలుసులకు చదునైన బాటను వేలాడదీసే పద్ధతిని 1801లో అమెరికాలో జేమ్స్ ఫిన్లే చేసి చూపాడు. పాతికేళ్లకే వేల్స్‌లో టెల్ఫర్డ్ 176 మీటర్ల మెనై వంతెన కట్టాడు. ఊపు లెక్క మాత్రం ప్రాణాలు తీసి మరీ నేర్పింది. 1831లో ఇంగ్లండ్‌లోని బ్రాటన్‌లో సైనికులు అడుగులో అడుగు కలిపి నడుస్తుంటే వంతెన కూలింది. 1850లో ఫ్రాన్స్‌లోని ఆంజేలో, తుఫాను గాలిలో దాటుతుండగా వంతెన కూలి సైనికులు 200 మందికి పైగా చనిపోయారు.

అసలు పాఠం 1940 నవంబరు 7న వచ్చింది. అమెరికాలోని టకోమా వంతెనను అంతకు నాలుగు నెలల ముందే తెరిచారు. పెనుగాలులకు నిలిచేలా కట్టామనుకున్నారు. గంటకు అరవై డెబ్బై కిలోమీటర్ల గాలికే మెలికలు తిరిగి తెగిపడింది. గాలి తెరలు వంతెన సహజ ఊపుతో లయ కలిపాయని చాలా పుస్తకాలు రాస్తాయి. నిజం అంతకన్నా ఆసక్తికరం. పక్కల్ని ఉక్కు పలకలతో మూసేసిన ఆ సన్నని బాట ఒక్కసారి మెలితిరిగితే చాలు, ఆ మెలికే గాలి దారి మార్చేది. దారి మారిన గాలి మెలికను ఇంకాస్త పెంచేది. అంటే వంతెన తన కదలికతోనే గాలి నుంచి శక్తి లాక్కుంది. 1950లో అక్కడే కట్టిన కొత్త వంతెనలో బాటను బిగువుగా చేసి, గాలి పైకీ కిందికీ పోయేలా జాలీ సందులు వదిలారు. కొకొనోయెలో మన కాళ్లు వణికించే సందులు కూడా బాట మీద గాలి ఒత్తిడిని తగ్గిస్తాయి. సెకనుకు 65 మీటర్ల గాలికి తట్టుకునేలా లెక్క వేసిన వంతెన అది.

ఎంత లెక్క వేసినా తుప్పును వెతికేది మనిషి కన్నే. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. ఒక ప్రధాన మోకులోని 49 తీగల్లో 22 తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. మన లక్నవరం వేలాడే వంతెన ఎక్కినా సరదాకి ఊపకండి. జనం కిక్కిరిసి ఉంటే గట్టునే ఆగండి. వంతెనలు నడిపేవారు మోకుల్ని చివరిసారి పరీక్షించిన తేదీని టికెట్ కౌంటర్ దగ్గరే రాసి పెట్టాలి.