ఒంటికి ఇబ్బందా? నోరు విప్పి చెప్పండి!

* వయసు మీద పడిందని ఓర్చుకుంటున్న పెద్దలు
* సిగ్గు, భాష కలిసి చేస్తున్న ఆలస్యం
* పూర్తిగా ఆగిపోయే దాకా రావొద్దంటున్న వైద్యులు

హోసూరు: తెలుగులో ‘ఒంటికి’. తమిళంలో ‘ఒణ్ణుక్కు’. కన్నడంలో ‘ఒందక్కె’. మూడు భాషలు కలిసిమెలిసి ఉండే హోసూరు, డెంకణికోట ప్రాంతంలో మూత్రానికి వెళ్లడాన్ని అందరూ ‘ఒకటి’ అనే అంకె చాటునే చెప్పుకొంటారు. బడిలో పిల్లాడు వేలు చూపిస్తే టీచరుకు అర్థమైపోతుంది. అరవై దాటిన పెద్దాయన ఆసుపత్రిలోనూ ఆ చాటునే వెతుక్కుంటే మాత్రం డాక్టరుకు సగమే అర్థమవుతుంది. ‘ఒంటికి కష్టంగా ఉంది’ అంటే మంటా? ధార సన్నబడిందా? రాత్రి పదేపదే లేవాల్సి వస్తోందా? అసలు రావడమే లేదా? ఒక్కో జవాబుకు ఒక్కో కారణం, ఒక్కో వైద్యం ఉంటాయి.

బాగలూరు, బేరికె, సూళగిరి, తళి, వేపనపల్లి... ఈ వైపు పల్లెల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు పెద్దలకు తమిళం, కన్నడం రాక కాదు. సంతలో బేరమాడతారు. బస్సులో ముచ్చట్లు చెబుతారు. కానీ ఒంటి బాధ చెప్పాల్సి వచ్చేసరికి పుట్టిన భాషే నోటికొస్తుంది. అది డాక్టరుకు రాకపోతే పక్కనున్న కోడలో, మనవరాలో తిప్పి చెప్పాలి. వాళ్ల ముందు ఆ మాట ఎలా అనేది? అందుకే చాలామంది ‘కాళ్ల నొప్పులు, నీరసం’ అని చెప్పి మాత్రలు తెచ్చుకుంటారు. అసలు బాధ అసలు మాటతో పాటే ఇంటికి తిరిగొస్తుంది.

తూముకు అడ్డం పడినట్టు

మగవారిలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండేదే ప్రోస్టేట్ గ్రంథి. పౌరుష గ్రంథి అనీ అంటారు. యువకుల్లో దీని బరువు సుమారు 20 గ్రాములు. వయసుతో పాటు ఇది పెరుగుతుంది. అరవై ఏళ్లకు దాదాపు సగం మందిలో, ఎనభై దాటాక పదిమందిలో ఎనిమిది మందిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. పెరిగిన ప్రతివారికీ ఇబ్బంది రాదు. కొందరిలో మాత్రం గ్రంథి మధ్యగా వెళ్లే నాళం నొక్కుకుపోతుంది.

చెరువు తూముకు అడ్డం పడితే ఏమవుతుందో రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. కాలువలో నీరు సన్నబడుతుంది. చెరువులో నీరు నిలిచిపోతుంది. ఇక్కడా అంతే. మొదట్లో మూత్రాశయం కండరం బలంగా ముక్కి బయటికి తోస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ అలసిపోతుంది. మూత్రం లోపలే మిగిలిపోతుంది. ఆ మిగులు వల్ల చీముపట్టడం, రాళ్లు ఏర్పడడం జరుగుతాయి. ఒత్తిడి పైకి తన్నితే కిడ్నీలు ఉబ్బి దెబ్బతింటాయి. ‘వయసులో ఇవన్నీ మామూలే’ అని ఊరుకుంటే జరిగే అసలు నష్టం ఇదే.

ఏడు ప్రశ్నలు... మీరే వేసుకోండి

ఇబ్బంది ఎంతుందో తేల్చడానికి ప్రపంచమంతా డాక్టర్లు వాడే ప్రశ్నలు ఏడున్నాయి. గడచిన నెల రోజులను గుర్తు తెచ్చుకుని జవాబు చెప్పాలి.

* పోసిన తర్వాత కూడా ఇంకా మిగిలినట్టు ఉంటోందా?
* రెండు గంటల్లోపే మళ్లీ వెళ్లాల్సి వస్తోందా?
* ధార ఆగి ఆగి వస్తోందా?
* వచ్చిందంటే ఆపుకోవడం కష్టమవుతోందా?
* ధార సన్నగా, బలం లేకుండా పడుతోందా?
* మొదలుపెట్టడానికి ముక్కాల్సి వస్తోందా?
* రాత్రి పడుకున్నాక ఎన్నిసార్లు లేస్తున్నారు?

మొదటి ఆరింటికి ఎప్పుడూ లేకపోతే 0, ఐదుసార్లలో ఒకసారి కూడా లేకపోతే 1, సగం కన్నా తక్కువైతే 2, ఇంచుమించు సగమైతే 3, సగం దాటితే 4, దాదాపు ప్రతిసారీ అయితే 5 వేసుకోవాలి. ఏడోదానికి ఎన్నిసార్లు లేస్తే అంత. ఐదు, ఆపైన అయితే 5. మొత్తం 7 లోపుంటే ఇబ్బంది స్వల్పం. 8 నుంచి 19 వరకు ఓ మోస్తరు. 20 నుంచి 35 దాకా ఉంటే తీవ్రం. ఈ లెక్క రోగం పేరు చెప్పదు. కానీ ఆ అంకె రాసుకున్న కాగితం డాక్టరు ముందు పెడితే చాలు. సగం సిగ్గు తీరిపోతుంది. అంకెలు ఏ భాషవారికైనా అర్థమవుతాయి.

కారుతోంది కదా అనుకోవద్దు

కొందరికి రాత్రి నిద్రలో పంచె తడుస్తుంది. పగలు చుక్కచుక్కగా కారుతుంటుంది. ‘మూత్రం బాగానే పోతోంది, ఆపుకోలేకపోతున్నా అంతే’ అనుకుంటారు. కొన్నిసార్లు నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది. మూత్రాశయం నిండిపోయి, పట్టక పొర్లుతున్న నీరే అది. నొప్పి ఉండదు కాబట్టి అనుమానమూ రాదు. పొట్ట స్కానింగులో మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో చూస్తేనే బయటపడుతుంది. అప్పటికే కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు.

ఇక రెండోది హఠాత్తుగా ఆగిపోవడం. బొడ్డు కింద బిగుసుకుపోతుంది. మెలికలు తిరిగే నొప్పి. ఒక్క చుక్క రాదు. ఈ సమయంలో చాలా ఇళ్లలో చేసే తప్పు... ‘నీళ్లు ఎక్కువ తాగితే వస్తుంది’ అని బార్లీ, మజ్జిగ పట్టించడం. దానివల్ల నొప్పి ఇంకా పెరుగుతుంది తప్ప దారి తెరుచుకోదు. అది తెల్లారేదాకా ఆగే బాధ కాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్... మూడుచోట్లా అదే నంబరు. ఆసుపత్రిలో గొట్టం వేసి మూత్రం తీసేస్తే నిమిషాల్లో ఉపశమనం కలుగుతుంది.

ఇలా ఆగిపోవడానికి కారణం ఒక్కోసారి మందుల షాపులోనే ఉంటుంది. జలుబు, ముక్కు దిబ్బడకు అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ వంటివి ప్రోస్టేట్ పెరిగినవారిలో మూత్రాన్ని బిగబట్టేస్తాయి. మద్యం, మలబద్ధకం, దూర ప్రయాణంలో గంటల తరబడి ఆపుకోవడం కూడా అంతే. జలుబు మాత్ర కొనేముందు ‘మూత్రం సరిగా రాదు’ అన్న ఒక్కమాట చెప్పడం మంచిది.

క్యాన్సరేనా అన్న భయం

ఆసుపత్రికి రాకపోవడానికి సిగ్గు ఒక కారణమైతే, భయం రెండోది. ప్రోస్టేట్ పెరుగుదల వేరు, ప్రోస్టేట్ క్యాన్సర్ వేరు. మొదటిది రెండోదిగా మారదు. అయితే రెండూ ఒకే వయసులో వస్తాయి. ఒకరిలోనే రెండూ ఉండొచ్చు. పైగా తొలిదశలో క్యాన్సర్ ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. అందుకే డాక్టర్లు పీఎస్ఏ అనే రక్తపరీక్ష రాస్తుంటారు. అది ఎక్కువ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. గ్రంథి పెరిగినా, చీముపట్టినా, మూత్రం ఆగి గొట్టం వేసినా ఆ అంకె పెరుగుతుంది. మలద్వారం నుంచి వేలితో చూసే పరీక్షకు పట్టేది నిమిషంలోపే. గ్రంథి మెత్తగా ఉందా, గట్టిపడిందా అన్నది అందులో తెలుస్తుంది. తండ్రికో, అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. మూత్రంలో రక్తం, తగ్గని నడుము ఎముకల నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

రాత్రి లేవడానికి ప్రోస్టేట్ ఒక్కటే కారణం కాదు. షుగరు, కాళ్ల వాపు, గుండె బలహీనత, సాయంత్రం వేసుకునే నీరు తీసే మాత్రలు... ఏదైనా కావచ్చు. మూడురోజుల పాటు ఏ వేళకు ఎంత తాగారు, ఎప్పుడెప్పుడు ఎంత పోశారు అన్నది కాగితంపై రాసి తీసుకెళితే డాక్టరు పని తేలికవుతుంది.

మాత్రలున్నాయి... జాగ్రత్తలూ ఉన్నాయి

ఇబ్బంది ఉన్న అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్ వంటి మాత్రలు మూత్రనాళం దగ్గరి కండరాన్ని వదులు చేస్తాయి. కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ గ్రంథి పరిమాణాన్నే తగ్గిస్తాయి. వీటి గుణం కనిపించడానికి ఆరునెలల దాకా పడుతుంది. ‘నెల వాడినా తగ్గలేదు’ అని మానేయకూడదు. ఇవి పీఎస్ఏ అంకెను సగానికి దించుతాయి కాబట్టి, పరీక్ష చేయించుకునేటప్పుడు మాత్రల సంగతి చెప్పాలి.

మొదటి రకం మాత్రలతో కొందరికి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువ. ఇది ఈ జిల్లావారు ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి. తమిళనాడు ప్రభుత్వం ఇంటివద్దకే వైద్యం అంటూ ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని 2021 ఆగస్టులో మొదలుపెట్టింది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే వస్తున్నాయి. ప్రోస్టేట్ మాత్రలు మాత్రం 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో రాయించుకునేవారు ఉన్నారు. వేపనపల్లి వైపు వారికి కుప్పం దగ్గర. అలా ఒక్క మనిషి చీటీలు మూడు రాష్ట్రాల్లో పడుతుంటాయి. ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు తెలియదు. అన్ని చీటీలూ, స్కానింగు రిపోర్టులూ ఒకే సంచిలో పెట్టి ఎక్కడికెళ్లినా తీసుకెళ్లాలి. కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్లినా టామ్సులోసిన్ వాడుతున్నట్టు చెప్పాలి. దానివల్ల ఆపరేషన్ వేళ కంటిపాప సరిగా విప్పారకపోవచ్చు. ముందే తెలిస్తే కంటి డాక్టరు జాగ్రత్త పడతారు.

మాత్రలకు లొంగకపోయినా, మూత్రం పదేపదే ఆగిపోతున్నా, కిడ్నీలు ఉబ్బినా ఆపరేషన్ అవసరమవుతుంది. పొట్ట కోయకుండా మూత్రమార్గం గుండానే పరికరం పంపి అడ్డాన్ని తొలిచే టీయూఆర్‌పీ పద్ధతి ఏళ్లుగా ఉంది. లేజర్ పద్ధతులూ వచ్చాయి. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డున్నవారు తమ చికిత్సకు అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రి కౌంటరులో ముందే అడగాలి. జన ఔషధి దుకాణాల్లో ఈ మాత్రలు తక్కువ ధరకు దొరుకుతాయి.

ఇక రాళ్లకు వాడే ఆకుపసరు, పల్లేరు కషాయం వంటివి మూత్రం బాధ అనగానే మొదలుపెట్టడం పల్లెల్లో మామూలే. కషాయం తాగుతూ ఏడాది గడిపితే ఆ ఏడాదీ లోపల కిడ్నీల మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. ముందు స్కానింగు చేయించి, అడ్డం రాయిదో గ్రంథిదో తేల్చుకోవడం ముఖ్యం.

ఇంట్లో ఇవి పాటించండి

* పగలు నీళ్లు మానొద్దు. పడుకునే రెండు మూడు గంటల ముందు తగ్గించండి. సాయంత్రం కాఫీ, టీ, మద్యం వద్దు.
* పోసిన తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి.
* మలబద్ధకం రానివ్వొద్దు. కూరగాయలు, పండ్లు తినండి. రోజూ నడవండి.
* రాత్రి లేచేవారికి మంచం నుంచి మరుగుదొడ్డి దాకా చిన్న లైటు ఉంచండి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. పడి తుంటి విరిగితే అసలు బాధ కన్నా పెద్ద బాధ.

ఈ మాటలు చాలు

ఆసుపత్రిలో మాట తడబడితే ఇవి గుర్తుంచుకోండి. ‘ఆగి ఆగి వస్తోంది’ అనడానికి తమిళంలో ‘విట్టు విట్టు వరుదు’, కన్నడంలో ‘నింతు నింతు బరుత్తె’. ‘మూత్రం రావడం లేదు’ అనడానికి తమిళంలో ‘నీర్ పిరియలె’, కన్నడంలో ‘మూత్ర కట్టిదె’. ‘రాత్రి నాలుగుసార్లు లేస్తున్నా’ అనడానికి తమిళంలో ‘రాత్తిరి నాలు తడవె ఎందిరిక్కిరేన్’, కన్నడంలో ‘రాత్రి నాల్కు సల ఏళ్తీని’. తోడుగా కోడలికి బదులు కొడుకో, అల్లుడో, ఈడు స్నేహితుడో వెళితే మాట సులువుగా వస్తుంది.

కొడుకులకూ ఒక మాట. నాయన పెళ్లికి రానంటున్నారా? బెంగళూరు బస్సెక్కనంటున్నారా? తిరుపతి ప్రయాణం ఎప్పుడూ వాయిదా వేస్తున్నారా? అది కోపమో, చాదస్తమో అనుకోకండి. దారిలో ఒంటికి వస్తే ఎక్కడ ఆపాలన్న దిగులు కావచ్చు. ఆయనంతట ఆయన చెప్పరు. పక్కన ఎవరూ లేనప్పుడు మీరే అడగండి.